మొదటి చెక్క తెరచాప పడవ: మెలిక రాకుండా, అంచు తడవకుండా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: చెక్కపని కొంత వచ్చు, పడవ ఎప్పుడూ చేయలేదు, ఇద్దరు కూర్చునే పది పదకొండు అడుగుల తెరచాప పడవ ఇంటి దగ్గరే చేసుకోవాలి. ఏ పద్ధతి మేలు, సామాను ఎంత పడుతుంది, ఎక్కడ దెబ్బతింటాం?

చివరి ప్రశ్నే అసలైనది కాబట్టి దానికి ముందు జవాబు చెబుతాను. ఇంట్లో చేసిన చెక్క పడవలో తర్వాత సరిదిద్దలేని తప్పులు రెండే. ఒకటి, అతుకులు గట్టిపడే వేళకి పడవ ఒంట్లో మెలిక ఉండిపోవడం. రెండు, ప్లైవుడ్ అంచులోకో స్క్రూ రంధ్రంలోకో నీరు దూరే దారి మిగిలిపోవడం. గీత తప్పిన కోత, గతుకుల అతుకు, కారిన పెయింటు లాంటివన్నీ రుద్దో, నింపో, మళ్లీ పూసో బాగుచేసుకోవచ్చు. అందుకే కింద ఈ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి త్వరగా దాటేస్తాను.

పద్ధతి విషయంలో తర్జనభర్జన అక్కర్లేదు. మొదటి పడవకి స్టిచ్ అండ్ గ్లూ పద్ధతి. ప్లైవుడ్ పలకలను కొలత ప్రకారం కోసి, అంచులను రాగి తీగతో కుట్టి, లోపలి మూలల్లో చిక్కటి ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) నింపి, దాని మీద ఫైబర్‌గ్లాస్ టేపు అంటిస్తారు. అచ్చు కట్టక్కర్లేదు, ఆవిరి పట్టి పక్కటెముకలు వంచక్కర్లేదు. బ్రిటన్‌లో జాక్ హోల్ట్, బ్యారీ బక్నెల్ కలిసి 1963లో తెచ్చిన మిర్రర్ అనే పడవ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. పొడవు 10 అడుగుల 10 అంగుళాలు, ఉత్త తొట్టి, అంటే తెరచాప, కొయ్య లేని పడవ ఒళ్లు, బరువు దాదాపు 45 కిలోలు. అలాంటివి 70 వేలకు పైగా తయారయ్యాయి, వాటిలో ఎన్నో ఇళ్లలో చేసుకున్నవే. మీరు అడిగిన సైజుకి అది మంచి కొలమానం: మీ తొట్టి 60 కిలోలు దాటుతోందంటే ప్లైవుడ్ బరువైనదో, ఎపాక్సీ ఎక్కువ పోశారో అయ్యుంటుంది.

మిర్రర్‌కీ, 1947లో క్లార్క్ మిల్స్ గీసిన పిల్లల పడవ ఆప్టిమిస్ట్‌కీ ముక్కు కోసుగా ఉండదు, అడ్డంగా నరికినట్టు ఉంటుంది. దానికి కారణం ఉంది. ప్లైవుడ్ ఒక దిక్కుకే హాయిగా వంగుతుంది. కోసు ముక్కు దగ్గర అదే పలక వంగాలి, మెలి కూడా తిరగాలి. కొత్తవాళ్లు కుస్తీ పట్టేది ఆ చివరి అర మీటరు దగ్గరే. అందుకే మొదటిసారి మొద్దు ముక్కు ఉన్న నమూనాయే మేలని నా అభిప్రాయం. చూపుకి కోసు ముక్కే కావాలంటే చేయండి, ఆ చోట కుట్లు రెట్టింపు పడతాయని తెలుసుకుని చేయండి.

నమూనా మీరే గీయకండి. అనుభవమున్న డిజైనర్ ప్లాను కొనుక్కుని, దాన్ని యథాతథంగా అనుసరించండి. తెరచాప వైశాల్యం, దాని ఒత్తిడి కేంద్రం, నీటి కింద డాగర్‌బోర్డు (పడవ గాలికి పక్కకి కొట్టుకుపోకుండా అడుగులోని సందులోంచి నీళ్లలోకి దించే పలక) ఉన్న చోటు, ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. కూర్చోవడానికి చోటు చాలదని డాగర్‌బోర్డు పెట్టెను ఒక జానెడు వెనక్కి జరిపితే పడవ గాలికి ఎదురు తిరగడమే మానేయవచ్చు. చెక్క ముట్టుకునే ముందు అదే ప్లానును పదో వంతు సైజులో అట్టముక్కల మీద గీసి, కోసి, టేపుతో అతికించి చూడండి. ఒక సాయంత్రం పని. ఏ పలక ఎటు వంగుతుందో, ఏది ముందు కుట్టాలో చేతికి తెలిసిపోతుంది.

ప్లైవుడ్ గురించి. కావాల్సింది మెరైన్ గ్రేడ్. బి.ఎస్. 1088 (మెరైన్ ప్లైవుడ్‌కి బ్రిటిష్ ప్రమాణం) ముద్ర ఉన్న ఒకూమే అనే చెక్క ప్లైవుడ్ తేలిక, పని చేయడానికి బాగుంటుంది. 6 మి.మీ. మందంలో ఒక షీటు దాదాపు 9 కిలోలు తూగుతుంది. గట్టి చెక్క ప్లైవుడ్ అయితే అదే షీటు 12–13 కిలోలు దాటుతుంది. ముద్రను గుడ్డిగా నమ్మకుండా రెండు పరీక్షలు చేయండి. షీటు నాలుగు అంచులూ దగ్గరగా చూడండి. లోపలి పొరల్లో ఖాళీలు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన పొరలు కనిపిస్తే వద్దు. తర్వాత అరచేతి సైజు ముక్కను కొన్ని గంటలు నీళ్లలో ఉడకబెట్టి, ఎండనిచ్చి, మళ్లీ ఉడకబెట్టండి. ఆ తర్వాత పొరల మధ్య ఉలి దూర్చి చీల్చండి. చెక్క నార చిరుగుతూ రావాలి. జిగురు పొర నునుపుగా ఊడి వస్తే ఆ ప్లైవుడ్ పడవకి పనికిరాదు, దాని మీద ఎంత ఎపాక్సీ పూసినా సరే.

3.3 మీటర్ల పడవకి రమారమి ఇంత పడుతుంది: 1220 × 2440 మి.మీ. సైజు 6 మి.మీ. ప్లైవుడ్ 4 లేదా 5 షీట్లు. రెసిన్, హార్డెనర్ కలిపి 8–10 కిలోల ఎపాక్సీ. 75 మి.మీ. వెడల్పు ఫైబర్‌గ్లాస్ టేపు 50 మీటర్లు. అడుగుభాగం బయట పరచడానికి చదరపు మీటరుకి 200 గ్రాముల ఫైబర్‌గ్లాస్ గుడ్డ. 1 నుంచి 1.2 మి.మీ. మందం రాగి తీగ 20–25 మీటర్లు. మెత్తటి రంపపు పొడి, సిలికా పొడి. పై అంచు పట్టీలకి, కూర్చునే పలకల ఆసరాలకి ముడులు లేని తిన్నని నార ఉన్న చెక్క. ఇవి కాక చేతి తొడుగులు వందల్లో, కలపడానికి కప్పులు, పుల్లలు, చవక బ్రష్‌లు. క్లాంపులు ఎన్ని ఉన్నా చాలవు, కనీసం ఇరవై చూసుకోండి. గుడ్డ కొనేటప్పుడు నేసినదే తీసుకోండి. తరిగిన నారతో చేసిన మ్యాట్‌లో నారను పట్టి ఉంచే జిగురు సాధారణంగా పాలియెస్టర్ రెసిన్‌లో కరగడానికి చేసినది, ఎపాక్సీలో అది సరిగా తడవదు. పాలియెస్టర్ రెసిన్ చవక కదా అని దాంతో పడవ అతికించే ఆలోచన మాత్రం వద్దు. చెక్కను అది గట్టిగా పట్టదు, కొన్నేళ్లకి పొరలా లేచిపోతుంది.

గుర్తులు పెట్టడం తేలికే కానీ నిదానంగా చేయాలి. ప్లానులో ఇచ్చిన బిందువుల దగ్గర చిన్న మేకులు కొట్టి, వాటిని ఆనుకుని సన్నని చెక్క బద్దను వంచి గీత గీయండి. బద్ద తనంతట తాను వంగే వంపే సరైన వంపు. ఒక మేకు దగ్గర బద్ద లోపలికి నొక్కుకుపోతుంటే ఆ కొలత తప్పు చదివారని అర్థం, మళ్లీ చూడండి. కుడి, ఎడమ పలకలను ఒకదాని మీద ఒకటి పెట్టి బిగించి రెండూ ఒకేసారి కోయండి, చిత్రిక కూడా రెంటికీ కలిపే పట్టండి. ఆ రెండూ ఒకే షీటులోంచో, కనీసం ఒకే లాటులోంచో రావాలి. ఒకటి గట్టిగా, మరొకటి మెత్తగా ఉంటే రెండూ వేర్వేరుగా వంగుతాయి, మెలికకి మొదటి బీజం అక్కడే పడుతుంది.

షీటు 2.44 మీటర్లే కాబట్టి పొడవు పలకలకి అతుకు తప్పదు. ఏటవాలు అతుకు అయితే మందానికి ఎనిమిది రెట్లు, అంటే 6 మి.మీ. ప్లైవుడ్‌కి 48 మి.మీ. వాలు. షీట్లను మెట్లలా 48 మి.మీ. తేడాతో పేర్చి, కింద తిన్నని పలక పెట్టి, పదునైన చిత్రికతో అన్నిటినీ ఒకే వాలుగా పట్టేయండి. పట్టేకొద్దీ ప్లైవుడ్ పొరల మధ్య జిగురు గీతలు చారలుగా బయటపడతాయి. ఆ చారలే మీ కొలబద్ద. అవి తిన్నగా, ఒకదానికొకటి సమానదూరంలో ఉంటే వాలు సరిగ్గా ఉంది. చార ఎక్కడ వంకర తిరిగితే అక్కడ మిట్టో పల్లమో ఉంది. అతికించేటప్పుడు ముందు రెండు వైపులా పల్చటి ఎపాక్సీ పూసి పది పదిహేను నిమిషాలు ఆగండి. తెగిన నార దాన్ని పీల్చేస్తుంది, పొడిగా కనిపించిన చోట మళ్లీ పూయండి. ఆ తర్వాతే చిక్కటిది రాసి కలపండి. నేరుగా చిక్కటిది రాస్తే చెక్క అందులోని తడిని లాగేసుకుని అతుకు బోలుగా మిగులుతుంది, వంచిన రోజున ఫట్‌మంటుంది. జారిపోకుండా రెండు సన్న మేకులు కొట్టి, పైనా కిందా ప్లాస్టిక్ కాగితం పెట్టి, మోస్తరు బరువు పెడితే చాలు. మరీ బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేస్తుంది. వాలు పట్టడం చేతకాదనిపిస్తే రెండు ముక్కలను అంచుకి అంచు ఆనించి వెనకాల 150 మి.మీ. వెడల్పు ప్లైవుడ్ పట్టీ అంటించండి. వంపు కాస్త బిగుసుగా వస్తుంది, బలానికి లోటు ఉండదు.

కుట్టడానికి అంచు నుంచి 10 మి.మీ. లోపల 2 మి.మీ. రంధ్రాలు, తిన్నగా ఉన్న చోట 150 మి.మీ.కి ఒకటి, ముక్కు దగ్గర వంపులో 75 మి.మీ.కి ఒకటి. తీగ చివరలు బయటివైపు ఉండాలి, మెలి కూడా బయటే తిప్పాలి. మొదటి విడతలో అన్నీ వదులుగా తిప్పి పడవ ఆకారం నిలబడ్డాక, మధ్య నుంచి రెండు చివరలకి వెళుతూ కొద్దికొద్దిగా బిగించండి. ఒకే చోట పూర్తిగా బిగిస్తే పలక అంచు పక్క పలక మీదికి ఎక్కేస్తుంది. ప్లాస్టిక్ కేబుల్ టైలతోనూ కుట్టవచ్చు, పెద్ద రంధ్రాలు కావాలి అంతే. తర్వాత వెనుక అడ్డపలక, మధ్య అడ్డగోడలు ఇరికించి కుట్టాలి.

ఇప్పుడు మెలిక సంగతి. కుట్టిన పడవ ఈ దశలో మెత్తగా ఉంటుంది, చేత్తో అటూ ఇటూ తిప్పితే తిరుగుతుంది. మీరు ఏ ఆకారంలో వదిలేస్తే ఆ ఆకారంలోనే జీవితాంతం ఉంటుంది. కాబట్టి నేల మీద పెట్టకండి. రెండు గట్టి స్టాండ్లు చేసి, వాటి మీది అడ్డకర్రలు రెండూ రసమట్టానికి సరిగ్గా సమంగా ఉండేలా చూసుకోండి. పడవను ఎక్కించాక మూడు తనిఖీలు. మొదటిది: రెండు తిన్నని కర్రలు తీసుకుని ఒకటి ముందు అడ్డగోడ మీద, ఒకటి వెనుక అడ్డపలక మీద అడ్డంగా పెట్టి, నాలుగైదు మీటర్లు వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి, దగ్గరి కర్ర పైఅంచు మీదుగా దూరపు కర్రను చూడండి. రెండు అంచులూ సమాంతరంగా కనబడాలి. ఒక కొస పైకి లేచినట్టుంటే మెలిక ఉన్నట్టే. ఈ చూపు రసమట్టం కన్నా నిక్కచ్చిగా చెబుతుంది. రెండోది: ముక్కు మధ్య నుంచి వెనుక అడ్డపలక మధ్యకి దారం బిగించండి, ప్రతి అడ్డగోడ మధ్య గుర్తూ సరిగ్గా దాని కిందే ఉందో లేదో తూకంగుండుతో చూడండి. మూడోది: ముక్కు మధ్య నుంచి వెనుక రెండు మూలలకీ కొలవండి. తేడా 3 మి.మీ. మించకూడదు.

మెలిక కనిపిస్తే బలవంతంగా తొక్కి పట్టకండి, కారణం వెతకండి. ఏదో ఒక వైపు తీగలు అతిగా బిగిసి ఉంటాయి, లేదా ఏదో అడ్డగోడ మూల ముందుకి జరిగి ఉంటుంది. ఆ చోటు వదులు చేస్తే చాలాసార్లు తనే సర్దుకుంటుంది. అప్పటికీ పోకపోతే పైకి లేచిన మూల మీద బరువు పెట్టి, లేదా మూల నుంచి ఎదురు మూలకి తాడు కట్టి లాగి, కర్రల చూపు సరిపోయేదాకా తెచ్చి అలాగే ఉంచండి. మెలిక ఉన్న పడవ నీటి మీద తేలుతుంది, మునగదు. కానీ గాలి కుడి నుంచి వస్తే ఒక రకంగా, ఎడమ నుంచి వస్తే ఇంకో రకంగా నడుస్తుంది. దాన్ని ఏ తాడు సర్దుబాటూ పోగొట్టదు.

సరిగ్గా ఉందని తేలాక తీగల మధ్య ఖాళీల్లో మాత్రమే చిక్కటి ఎపాక్సీ ముద్దలు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. పెట్టిన వెంటనే మరోసారి కర్రలతో చూసుకోండి, ఎందుకంటే పని చేస్తూ పడవ మీద వాలి ఉంటారు. మర్నాడు తీగలన్నీ కత్తిరించి లాగేయండి. ఏదైనా ఇరుక్కుంటే దాని చివరను సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేస్తే చుట్టూ ఎపాక్సీ మెత్తబడి వచ్చేస్తుంది. అప్పుడు మూల పొడవునా అంచు మొత్తం నింపాలి. గుండ్రటి అంచు ఉన్న చెక్కముక్కతో, దాదాపు 20 మి.మీ. వ్యాసార్ధంతో ఒకే లాగుడులో నునుపు చేయండి. రంపపు పొడి, కొంచెం సిలికా కలిపిన మిశ్రమంలో పుల్ల నిలబెడితే పడిపోకూడదు, నిలువు గోడకి రాస్తే జారకూడదు. అది ఇంకా తడిగా ఉండగానే టేపు పరిచి పల్చటి ఎపాక్సీతో తడపండి. ఎండాక చేస్తే మళ్లీ రుద్దుడు పని. బరువు తగ్గించే గాజు బుడగల పొడి ఇక్కడ వాడకండి, అది పైపై గతుకులు నింపడానికే. మూలల్లో దానికి బలం లేదు.

ఎపాక్సీతో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు కలపడంలోనే మొదలవుతాయి. రెసిన్, హార్డెనర్ నిష్పత్తి తయారీదారు చెప్పినదే. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోయడం పాలియెస్టర్ నుంచి వచ్చిన అలవాటు. ఎపాక్సీలో రెండూ చెప్పిన పాళ్లలోనే ఒకదానితో ఒకటి కలిసిపోవాలి, ఎక్కువైనది మిగిలిపోయి మెత్తగా, జిగటగా ఉండిపోతుంది. డబ్బా మీద ఇచ్చిన నిష్పత్తి బరువుకా, పరిమాణానికా చూసుకోండి, రెండూ ఒకటి కావు. నేనైతే త్రాసే వాడమంటాను. పంపుల్లో గాలి ఇరుక్కుంటే ఒక నొక్కు తక్కువ పడుతుంది, అది కంటికి కనిపించదు. ఒక్కో విడత 150–200 గ్రాములకి మించి కలపకండి, రెండు నిమిషాలు కప్పు అడుగూ గోడలూ గీరుతూ కలిపి, వెంటనే వెడల్పు పళ్లెంలోకి వంచేయండి. కప్పులోనే ఉంచితే సొంత వేడికి పొగలు కక్కి బిగుసుకుపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే గట్టిపడే సమయం దాదాపు సగమవుతుంది కాబట్టి ఎండాకాలానికి నిదానంగా గట్టిపడే హార్డెనర్ తీసుకోండి. ప్రతి కప్పు అడుగున కాస్త మిగిల్చి, ఆ రోజు ఎక్కడ వాడారో కప్పు మీదే రాసి ఉంచండి. మర్నాడు గోరుతో నొక్కితే గుంట పడిందంటే ఆ చోటు గీకి మళ్లీ చేయాలని తెలుస్తుంది.

చెక్కకి మొదటి పూత సాయంత్రం, వేడి తగ్గే వేళ వేయండి. పొద్దున వేస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలై లేస్తుంది, ఒక్కో బుడగా ఒక సూది రంధ్రం. చల్లబడే చెక్క గాలిని లోపలికి లాక్కుంటుంది, దాంతో ఎపాక్సీ కూడా లోపలికి వెళుతుంది. ఆరాక పైన జిడ్డు పొర కనిపిస్తే అది తేమ వల్ల హార్డెనర్ నుంచి వచ్చే పొర. ముందు నీళ్లు, గరుకు ప్యాడ్‌తో కడిగేసి తుడవండి, ఆ తర్వాతే సాండ్‌పేపర్ పట్టండి. కడగకుండా రుద్దితే దాన్ని గీతల్లోకి కూరినట్టే, పై పూత, పెయింటు అక్కడ పట్టవు. చర్మం విషయంలో మాత్రం ఉపేక్ష వద్దు. నైట్రైల్ తొడుగులు లేకుండా ముట్టుకోకండి, అంటుకుంటే థిన్నర్‌తో కడగకండి. అది ఎపాక్సీని చర్మంలోకి ఇంకా లోతుగా తీసుకెళుతుంది. సబ్బునీళ్లే వాడండి. ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే ఇక జీవితంలో ఎపాక్సీ పని చేయలేరు. పూర్తిగా గట్టిపడని పూతను రుద్దిన దుమ్ము కూడా అంతే ప్రమాదం, మాస్కు తప్పనిసరి.

లోపలి మూలలన్నీ అయ్యాక పడవను బోర్లించి బయటి అంచులను 6 మి.మీ. వ్యాసార్ధానికి గుండ్రం చేయండి. గాజు గుడ్డ పదునైన మూల మీద వంగదు, లేచి గాలి పడుతుంది. టేపు, దాని మీద అడుగంతా గుడ్డ, గుడ్డ నేత కనపడనంతవరకూ రెండు పల్చటి పూతలు. గుడ్డ తడవడానికి దాదాపు దాని బరువంత ఎపాక్సీ చాలు, పైన తేలేదంతా మోసుకు తిరగాల్సిన బరువే.

ఇక డాగర్‌బోర్డు పెట్టె. కారే పడవల్లో చాలావరకు కారేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. పెట్టె గోడల లోపలివైపు గుడ్డ, మూడు పూతలు పెట్టెను అతికించకముందే వేయాలి. తర్వాత అక్కడికి బ్రష్ వెళ్లదు, పడవలో అన్నిటికన్నా ఎక్కువ తడిసేది, ఒరిపిడి పడేది ఆ చోటే. లోపలి వెడల్పు లెక్కించేటప్పుడు బోర్డు మందానికి రెండు వైపులా గుడ్డ, పూతల మందం కలిపి, ఆపైన 3–4 మి.మీ. ఖాళీ వదలండి. ఉత్త చెక్కతో కొలిచి చేసిన పెట్టెలో పెయింటు వేసిన బోర్డు ఇరుక్కుపోతుంది. అడుగున కోసిన సందు అంచులో ప్లైవుడ్ పొరలన్నీ తెరుచుకుని ఉంటాయి. ఆ అంచుని గుండ్రం చేసి, మూడుసార్లు ఎపాక్సీ తాగించి, గాజు టేపును బయటి నుంచి సందులోకి మడిచి అంటించండి. పెట్టె పైఅంచు పడవ నీళ్లతో నిండినప్పుడు కూడా నీటి మట్టానికి పైనే ఉండాలి. తక్కువైతే తిరగబడి లేచాక మీరు ఎంత తోడినా పెట్టెలోంచి అంతా లోపలికి వస్తూనే ఉంటుంది. పక్కకి ఊగకుండా పెట్టెను మధ్య కూర్చునే పలకకి కట్టిపడేయండి.

స్క్రూ రంధ్రాలకి ఒకే నియమం: కావాల్సిన దానికన్నా పెద్దగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక అందులో అసలు రంధ్రం వేయండి. స్క్రూ ఇక చెక్కను తాకదు. లోహం కంచు గానీ 316 స్టెయిన్‌లెస్ గానీ. ఇత్తడిలోని జింకును ఉప్పునీరు తినేసి అది బోలుగా మిగులుతుంది. 316 కూడా తడి చెక్కలో గాలి తగలకుండా కూరుకుపోయి ఉంటే లోలోపల తినుకుపోతుంది, నింపిన రంధ్రం దానికీ రక్షణే.

తేలుడు గదుల గురించి ఒక లెక్క గుర్తుంచుకోండి: 100 లీటర్ల మూసిన గది దాదాపు 100 కిలోలను తేలుస్తుంది. చెక్క తనంతట తాను తేలుతుంది, మనుషులను కూడా నీటి పైన ఉంచడం దాని వల్ల కాదు. ముందు, వెనుక, లేదా రెండు పక్కలా గదులు సమంగా ఉండాలి. ఒక చివరే ఉంటే నిండిన పడవ నిట్టనిలువుగా నిలబడుతుంది. ప్రతి గదికీ తిప్పి తీసే మూత తప్పనిసరి. పడవ వాడని రోజుల్లో ఆ మూతలు తెరిచే ఉంచండి. మూసిన గదిలో ఒక గ్లాసు వాననీళ్లు చాలు ప్లైవుడ్ కుళ్లడానికి, ఉప్పునీటి కన్నా మంచినీళ్లే కుళ్లుకి ఎక్కువ అనుకూలం. గది కారుతోందేమో చూడాలంటే మూతలో గొట్టం పెట్టి నోటితో మెల్లగా ఊది, అతుకుల మీద సబ్బు నురగ రాయండి. కంప్రెసర్ వద్దు, అతుకులు చిట్లుతాయి.

డాగర్‌బోర్డు, చుక్కాని చదును పలకలుగా వదిలేయకండి. 30–40 మి.మీ. బద్దలను నార దిక్కు ఒకటి విడిచి ఒకటి తిప్పి అతికిస్తే పలక వంకర తిరగదు. ముందంచు గుండ్రం, అన్నిటికన్నా మందం ముందంచు నుంచి వెడల్పులో 30 శాతం దగ్గర, అక్కడి నుంచి సన్నబడుతూ వెనకంచు 3 మి.మీ. చదునుగా ముగియాలి. కత్తిలా పదును పెడితే మొదటి రాయికే విరుగుతుంది.

తెరచాప కొయ్యకి స్ప్రూస్, డగ్లస్ ఫర్ లాంటి తేలికైన తిన్నని నార చెక్క. సులువైన దారి, రెండు బద్దలను అతికించి చదరపు కర్ర చేసుకుని దాన్ని గుండ్రం చేయడం. ప్రతి ముఖాన్నీ 7 : 10 : 7 నిష్పత్తిలో విభజించి గీతలు గీసి, మూలలను ఆ గీతల దాకా చిత్రిక పడితే ఎనిమిది సమాన ముఖాలు వస్తాయి. తర్వాత పదహారు, తర్వాత సాండ్‌పేపర్. బరువు తగ్గాలంటే ఎనిమిది బద్దల బోలు కొయ్య. ప్రతి బద్ద ఒక అంచున 90 డిగ్రీల గాడి తీస్తారు. బద్ద వెడల్పు కొయ్య వ్యాసంలో 0.4 వంతు, మందం 0.2 వంతు, అంటే 70 మి.మీ. కొయ్యకి 28 × 14 మి.మీ. బద్దలు. అడుగున, పడవ పలక పట్టుకునే చోట లోపల గట్టి చెక్క దిమ్మ ఉండాలి. ఆ దిమ్మ పై చివర తిన్నగా తెగి ఉంటే కొయ్య సరిగ్గా అక్కడే విరుగుతుంది, అందుకే ఆ చివరను చీలిన తోకలా వి ఆకారంలో కోసి బలం క్రమంగా తగ్గేలా చేయండి.

తెరచాప మాత్రం కుట్టించినదే కొనుక్కోండి. చదునైన గుడ్డ తెరచాప కాదు, అందులో పొట్ట వచ్చేలా ముక్కలు వంపుగా కోసి కుడతారు. మొదటి పడవకి లగ్ తెరచాప (పై అంచు ఒక వాలు కర్రకి కట్టి ఉండే నాలుగు మూలల తెరచాప) మంచిది, కొయ్య పొట్టిగా ఉంటుంది, ఆసరా తాళ్లు అక్కర్లేదు. దానికి ప్రాణం కింది కర్రను కిందికి లాగి పట్టే తాడు. అది వదులుగా ఉంటే పై కర్ర పక్కకి వాలి, తెరచాప పైభాగం మెలి తిరిగి, గాలికి ఎదురు ఎక్కదు. గాలి వెనక నుంచి వచ్చినప్పుడు పడవ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. రెండు మూడు మడతల కప్పీ వేసి గట్టిగా లాగండి.

ఎపాక్సీకి ఎండ పడదు. వార్నిష్ అయితే అతినీలలోహిత కిరణాలను ఆపేదే కావాలి, ఏటా ఒకటి రెండు పూతలు పడాలి. ముచ్చటగా ఉందని అంతా చెక్కరంగే ఉంచకుండా తొట్టికి పెయింటు వేసి, పై అంచు పట్టీకి, చుక్కాని పిడికి మాత్రం వార్నిష్ వేసుకోండి.

మొదటిసారి నీళ్లలోకి దింపేది గాలి లేని రోజున, తెరచాప లేకుండా. అరగంట తేలనిచ్చి, పెట్టె చుట్టూ మూలలను, వెనుక అడ్డపలక కింది అంచును పొడి గుడ్డతో తుడిచి చూడండి. తడి ఎక్కడ తిరిగి వస్తే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. తర్వాత నడుం లోతు నీళ్లలో, లైఫ్ జాకెట్లు వేసుకుని, పడవను కావాలనే తిరగేయండి. డాగర్‌బోర్డు మీద నిలబడి లేపి, లోపలికి ఎక్కి, తోడి చూడండి. నీటి మట్టం తగ్గుతుంటే తేలుడు గదులు సరిపోయినట్టు. తెరచాప 5–8 నాట్ల (గంటకి దాదాపు 9–15 కి.మీ.) గాలిలో మొదటిసారి ఎత్తండి. చుక్కాని వదిలితే పడవ మెల్లగా గాలివైపు తిరగాలి. గట్టిగా లాగేస్తుంటే కొయ్యను కొద్దిగా ముందుకి వాల్చండి, గాలికి దూరంగా పోతుంటే వెనక్కి. ఇంటికి తెచ్చాక మంచినీళ్లతో కడిగి, మూతలు తీసి, పెన్సిల్ గుర్తుల దగ్గర పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడే ఎపాక్సీతో నింపండి. తర్వాత బోర్లించి, కింద గాలి ఆడేలా రెండు దిమ్మల మీద ఉంచండి.